వయ్యారిభామను తినే పురుగు

హైదరాబాదులో హైటెక్ సిటీ ఉంది. అక్కడ అన్నీ అద్దాల మేడలే. మేడల మధ్య కొన్ని ఖాళీ ప్లాట్లు ఉన్నాయి. వానలు పడగానే ఆ ప్లాట్లలో ఒక మొక్క గుబురుగా లేస్తుంది. ఆకు చామంతి ఆకులా ఉంటుంది. పూలు తెల్లగా, చిన్నగా ఉంటాయి. అదే వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు.

పేరు అందమైనదే. గుణం మాత్రం చెడ్డది. తాకితే కొందరికి ఒళ్ళంతా దురద, దద్దుర్లు. పుప్పొడి ముక్కులోకి పోతే తుమ్ములు, ఆయాసం. కలుపు తీసేవాళ్ళకు ఈ బాధ ఎక్కువ.

ఇది మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి వచ్చింది. అక్కడ దీన్ని తినే పురుగు ఒకటి ఉంది. 1983లో శాస్త్రవేత్తలు ఆ పురుగును మెక్సికో నుంచి బెంగుళూరుకు తెప్పించారు. పరీక్షలు చేసి 1984లో పొలాల్లో వదిలారు. దాని పేరు జైగోగ్రామా. చిన్న పెంకు పురుగు. తెల్లని వీపు మీద గోధుమరంగు చారలుంటాయి. పెద్ద పురుగు, పిల్ల పురుగు రెండూ ఆకులు తింటాయి.

మరి వయ్యారిభామ ఎందుకు పోలేదు?

పురుగుకు తేమ కావాలి. వానాకాలంలో అది బాగా తింటుంది, గుడ్లు పెడుతుంది. వానలు పోయాక చాలా పురుగులు మట్టిలోకి దూరి నిద్రపోతాయి. మళ్ళీ వానలకే లేస్తాయి. మురికికాలువ పక్కన మొక్క ఎండాకాలంలోనూ పచ్చగా ఉంటుంది. తినే పురుగు మాత్రం అప్పుడు నిద్రలో ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. తొలకరికి లేచే పురుగులు కొన్నే. అవి పెరిగి మందయ్యేలోపు ముందు మొలిచిన మొక్కలు పూసి గింజ రాల్చేస్తాయి. ఒక్క మొక్కకు వేల గింజలు.

మట్టి కదిలినా కష్టమే. పునాదికి జేసీబీతో తవ్వి మట్టిని లారీలకెత్తుతారు. మట్టిలో నిద్రపోయే పురుగుకు చోటు పోతుంది. తవ్విన మట్టిలో వయ్యారిభామ మాత్రం ఇట్టే మొలుస్తుంది.

అందుకే పురుగు ఒక్కదాని మీదే భారం వేయకూడదు. పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు మొక్కను వేళ్ళతో సహా పీకాలి. వట్టి చేతులతో పీకవద్దు. చేతులకు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ ఉండాలి. కూలికి వెళ్ళేవాళ్ళు గ్లౌజులు ఇమ్మని మేస్త్రీని అడగాలి. దురద ఉన్నవాళ్ళు ఆ పనికి పోకూడదు.

చారల పురుగులు ఆకులు తింటూ కనిపిస్తే చంపవద్దు. అక్కడ పురుగుల మందు కొట్టవద్దు. ఎక్కువగా ఉంటే కొన్నిటిని ఆకులతో సహా డబ్బాలో పట్టి, పురుగులు లేని చోట వదలవచ్చు. ఆ పని వానాకాలంలోనే చేయాలి.