పసిగుండెకు తలుపు

పాలు తాగడం మనకు చిన్న పనే. పసిబిడ్డకు మాత్రం అది పెద్ద కష్టం. గుండె బాగుంటే బిడ్డ కడుపునిండా తాగి నిద్రపోతుంది. గుండెలో లోపం ఉంటే నాలుగు గుక్కలు తాగి ఆగిపోతుంది. ఆయాసపడుతుంది. నుదుట చెమట పడుతుంది. నెలలు గడిచినా బరువు పెరగదు.

"దిష్టి తగిలిందేమో" అంటుంది అత్తగారు. దిష్టి తీస్తే తీయండి. కానీ డాక్టరుకు తప్పకుండా చూపించండి.

గుండెలో ఏముంది?

గుండెలో నాలుగు కవాటాలు ఉంటాయి. కవాటం అంటే తలుపు. వీటిలో ఒక తలుపు గుండా మంచి రక్తం ఒళ్లంతటికీ వెళుతుంది. డాక్టర్లు దీన్ని అయోర్టిక్ వాల్వు అంటారు. దీనికి మూడు రెక్కలు ఉండాలి. కొందరు పిల్లలకు పుట్టుకతోనే రెక్కలు అతుక్కుని ఉంటాయి. తలుపు సరిగా తెరుచుకోదు. తూము పూడితే చేనుకు నీళ్లు అందవు కదా! ఇదీ అంతే. రక్తాన్ని తోసి తోసి గుండె అలిసిపోతుంది.

ఇది తల్లి తప్పు కాదు. గ్రహణం వల్ల వచ్చిందీ కాదు.

వైద్యం ఏమిటి?

ముందు ఎకో అనే పరీక్ష చేస్తారు. దానికి కోత ఉండదు, నొప్పి ఉండదు. తర్వాత తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని గొట్టం గుండెదాకా పంపుతారు. దాని కొసన ఉన్న బుడగను ఉబ్బించి తలుపు తెరుస్తారు. కొందరికి ఛాతీ తెరిచి, అతుక్కున్న రెక్కలను విడదీస్తారు.

మరి కొత్త తలుపే పెట్టవచ్చు కదా? బిడ్డ పెరుగుతుంది. లోహపు తలుపు పెరగదు. పైగా రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్రలు మింగాలి.

1967లో లండన్‌లో డోనాల్డ్ రాస్ అనే డాక్టరు ఒక ఉపాయం చేశారు. ఊపిరితిత్తులకు రక్తం పోయే దారిలో ఉన్న రోగి సొంత తలుపునే తీసి, చెడిన తలుపు చోట కుట్టారు. ఖాళీ అయిన చోట, చనిపోయినవారు దానం చేసిన తలుపు పెట్టారు. పిల్లలకు ఈ ఆపరేషన్ చేస్తే, ఆ సొంత తలుపు బిడ్డతోపాటే పెరుగుతుంది. దానం తలుపు పెరగదు. దాన్ని తర్వాత మార్చవలసి రావచ్చు.

మనం ఏం చేయాలి?

తెరిచిన తలుపు మళ్లీ బిగుసుకోవచ్చు, కారవచ్చు. బిడ్డ ఆడుకుంటోంది కదా అని పరీక్షలు మానవద్దు. చీటీలన్నీ దాచండి. తారీఖు మీరే చదివి గుర్తుపెట్టుకోండి.

అంగన్‌వాడీకి డాక్టర్లు వచ్చిన రోజు బిడ్డను తీసుకెళ్లండి. ఆపరేషన్ ఖర్చుకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ గురించి అడగండి.

బిడ్డ పాలు పట్టకపోయినా, ఒళ్లు పాలిపోయి చల్లబడినా తెల్లారేదాకా ఆగవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.