వినోదోద్యానాలు – ప్రాచీన కట్టడాలు: కూల్చుటయా? సంస్కరించుటయా?

వినోదోద్యానవనం అనగానే రంగులరాట్నం, పిల్లల రైలుబండి, పడవ షికారు మన కన్నుల ముందు మెదలుతాయి. ఇటువంటి వనాలకు ఎన్నుకొనే స్థలాలు మన దేశంలో తరచుగా పాత కోటలు, పాత తోటలు, పాత చెరువు గట్లు కావడంలో ఆశ్చర్యం లేదు. నీరు, నీడ, ఎత్తు ఉన్న చోట్లను పూర్వపు పాలకులు ముందుగానే గుర్తించి కట్టడాలు కట్టుకొన్నారు. నేటి యాత్రికుడు కూడా ఆ నీటినీ, ఆ నీడనే కోరి వస్తున్నాడు. వచ్చేవారి సంఖ్య పెరిగి స్థలం చాలనప్పుడు పాత కట్టడాన్ని తొలగించి కొత్త ఆకర్షణను నిలపాలా, లేక ఉన్నదానినే నేటి అవసరాలకు తగినట్లు సంస్కరించాలా అన్న ప్రశ్న పుడుతుంది. పత్తి, మిర్చి పండే ఈ మైదానంలో చదువుకొంటున్న మన విద్యార్థులకు ఈ ప్రశ్న దూరదేశపు ముచ్చట కాదు. దీనికి సమాధానం చెప్పిన అనుభవాలు రెండు మన కృష్ణాతీరంలోనే ఉన్నాయి.

మొదటిది నాగార్జునకొండ. క్రీ.శ. 3, 4 శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలో విలసిల్లింది. 1926లో ఎ.ఆర్. సరస్వతి ఆ శిథిలాలను గుర్తించారు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోవడం నిశ్చయమైంది. మునగబోయే చోట 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ త్రవ్వకాలు సాగించింది. ముఖ్యమైన కట్టడాలలో కొన్నింటిని విప్పి, కొండపైన మరల అమర్చారు. మరికొన్నింటికి నమూనాలు నిర్మించారు. క్రీడాప్రాంగణాన్ని అనుపు వద్దకు తరలించారు. కొండ ద్వీపమైంది, దానిపై మ్యూజియం వెలసింది. నేడు అక్కడికి లాంచీలో వెళ్లి వచ్చే కుటుంబాలకు అది విహారయాత్ర, అదే చరిత్ర పాఠం కూడా.

ఇక్కడ ఒక విషయాన్ని మేము నొక్కి చెప్పదలచుకొన్నాము. విజయపురిని కదిలించినది వినోదం కాదు. సాగర్ కుడికాలువ, అనగా జవహర్ కాలువ, గుంటూరు, ప్రకాశం పొలాలకు నీరిచ్చింది. ఈ పత్రిక చదివే విద్యార్థులలో ఎందరి ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నదో ఆ నీటి వల్లనే. అంతటి అవసరం ఎదురైనప్పుడు సైతం ప్రభుత్వం ఆరేండ్లు త్రవ్వించి, కొలిపించి, ఎత్తగలిగినంత ఎత్తి భద్రపరచింది. ఒక జారుడుబండ కోసమో, ఒక ఫలహారశాల కోసమో పాత గోడను ఒక్క పూటలో పడగొట్టేవారు ఈ తూకంలో తమ అవసరం బరువెంతో చూచుకోవలసి ఉన్నది.

రెండవది అమరావతి మహాచైత్యం. ఆ గాథ వేరు. 18వ శతాబ్ది చివరలో వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం నిర్మించే వేళ దీపాలదిన్నె అన్న మట్టిదిబ్బ నుండి చక్కని పలకరాళ్లు దొరికాయి. కొత్త ఇళ్లకు, కోనేటి మెట్లకు అవి ఉపయోగపడ్డాయి. కాలిన్ మెకంజీ తన నివేదికలో మరొక సంగతి కూడా వ్రాశాడు. స్థానికంగా ఒక మసీదుకు వాడిన పలకల మీది శిల్పాలను గట్టి రాళ్లతో అరగదీసి నున్నగా చేశారట. మనవారి చేతులూ అందులో ఉన్నవని ఒప్పుకొనడానికి మేము సంకోచించము. ఏ మతం వారైనా ఆనాడు ఆ రాతిని రాయిగానే చూచారు. 1816లో మెకంజీ తిరిగి వచ్చేనాటికి స్తూపం నడుమ త్రవ్వి చెరువు చేస్తున్నారు. తరువాత మిగిలిన శిల్పాలు కొన్ని మద్రాసుకూ, మరికొన్ని లండనుకూ చేరాయి. తన ఊరి శిల్పాలలో ఎక్కువభాగం చూడదలచిన గుంటూరు విద్యార్థి చెన్నై మ్యూజియానికో, బ్రిటిష్ మ్యూజియానికో పోవలసి వస్తున్నది. స్తూపం నిలిచి ఉంటే అమరావతికి ఎంతమంది యాత్రికులు వచ్చేవారో ఊహించుకోవచ్చును. కట్టేవారికి ఆనాడు మిగిలినది కొన్ని బండ్ల రాయి ఖరీదు మాత్రమే.

వినోదవనాలలోని కట్టడాల సంగతికి వస్తే, పాశ్చాత్య దేశాలలో ఈ వివాదం బాగా ముదిరింది. డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లోని టివోలీ తోట 1843లో ప్రారంభమైంది. అక్కడ 1874లో కట్టిన మూకాభినయ నాటకశాలలో నేటికీ ప్రదర్శనలు జరుగుతున్నాయి. 1914లో కొయ్యతో కట్టిన కొండరైలు ఇప్పటికీ నడుస్తున్నది; ప్రతి బండిలోనూ బ్రేకు వేసే మనిషి కూర్చుంటాడు. 1944లో నాజీల పక్షం వారు తోటలోని కచేరీశాలను పేల్చివేశారు. తోటవారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1956 నాటికి కొత్త కచేరీశాల లేచింది. పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉండటమే ఆ తోటకు ఆకర్షణ.

న్యూయార్కులోని కోనీ ఐలండ్ కథ దీనికి విరుద్ధం. 1897లో వెలసిన స్టీపుల్‌చేజ్ పార్కు 1907లో కాలిపోగా, దాని యజమాని ఇనుముతో, గాజుతో విశాలమైన వినోదశాలను నిర్మించాడు. 1964లో పార్కు మూతపడింది. స్థలం కొన్న ఫ్రెడ్ ట్రంప్ అక్కడ ఇళ్ల సముదాయం కట్టదలచాడు. 1966లో అతిథులను పిలిచి, ఆ గాజు గోడల మీద ఇటుకలు విసిరించి, వేడుకగా కూల్చివేశాడు. తీరా ఇళ్లకు అనుమతి రాలేదు. ఆ జాగాలో చెప్పుకోదగిన కట్టడం, ఒక బేస్‌బాల్ మైదానం, 2001లో గాని లేవలేదు. కూల్చడానికి కొన్ని దినాలు చాలినవి. కట్టడానికి ఒక తరం పట్టింది.

అయితే కూల్చివేతను కోరేవారి వాదంలో పస లేదని త్రోసివేయడం న్యాయం కాదు. పాత వినోదశాలలో ప్రమాదం పొంచి ఉంటుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరపు లూనా పార్కులో 1979 జూన్‌లో దయ్యాల రైలుకు నిప్పంటుకొని ఆరుగురు పిల్లలు, ఒక పెద్దమనిషి మరణించారు. పిల్లల ప్రాణాల ముందు ఏ గోడ గొప్పతనమూ నిలువదు. కాని ఆ ప్రజలు చేసినదేమి? ఆ ప్రవేశద్వారపు రూపాన్నీ, పాత శాలలనూ నిలుపుకొన్నారు. స్థలాన్ని 1990లో ప్రత్యేక చట్టంతో కాపాడుకొన్నారు. సవారీలను మాత్రం మార్చుకొన్నారు. ఆధునికీకరణం అంటే ఇదే. అత్యవసర ద్వారాలు, నిప్పునార్పే సాధనాలు, గోడను తొలచకుండా పైనుంచే తీసిన విద్యుత్ తీగలు, వృద్ధులకు వాలుదారి, శుభ్రమైన మరుగుదొడ్లు – ఇవన్నీ పాత కట్టడానికి చేర్చదగినవే.

పాత గోడ పగిలినదంటే ఆయువు తీరినదని మన ఇంజనీర్లు కొందరు తొందరపడి తీర్పు చెబుతారు. మన నల్లరేగడి స్వభావం రైతుబిడ్డలకు చెప్పనక్కరలేదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకొని నెర్రెలిస్తుంది. దానిపై నిలిచిన గోడ కూడా కదులుతుంది. పునాది చుట్టూ వాననీరు నిలువకుండా కాలువ తీస్తే చాలావరకు ఆ బీట ఆగుతుంది. ఇక మరమ్మతు పేరిట సిమెంటు పూయడం మరొక పొరపాటు. మన పూర్వులు సున్నపురాయిని కాల్చి, తడిపి, ఇసుకతో కలిపి ఎడ్ల గానుగలో నూరి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు చేర్చి గానుగ సున్నం తయారు చేసేవారు. అది మెత్తనిది, గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. సిమెంటు పూత ఆ చెమ్మను లోపల బంధిస్తుంది. లవణాలు పేరుకొని రాయి, ఇటుక పొరలుగా రాలుతాయి. పైకి కొత్తగా కనిపించే గోడ లోలోపల కుళ్లుతుంది. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోవడం శోచనీయం.

చట్టం మాటేమిటి? 1958 నాటి కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన 200 మీటర్ల వరకు అనుమతితో మాత్రమే. రాష్ట్రానికి 1960 నాటి చట్టం ఉన్నది. కాని జాబితాకు ఎక్కని కట్టడానికి ఈ కవచం లేదు. హైదరాబాదులో ఇర్రమ్ మంజిల్‌ను కూల్చి శాసనసభా భవనం కట్టదలచినప్పుడు 2019 సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. అదే నగరంలో బాగ్-ఏ-ఆమ్‌ను చూడండి. పబ్లిక్ గార్డెన్స్‌గా పేరు మారినా, పిల్లలు ఆడుకొనే ఆ తోటలో 1913 నాటి టౌన్ హాలు శాసనసభా ప్రాంగణంలో భాగంగా, మరొక పాత భవనం మ్యూజియంగా జీవిస్తున్నాయి. వాడుకలో ఉన్న భవనానికి చూరు కారితే వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు.

మన సమీపంలో పరీక్ష ఎదురవుతున్న చోటు కొండవీడు. రెడ్డిరాజుల రాజధానిగా వెలసి, 1515లో శ్రీకృష్ణదేవరాయల వశమై, పిదప కుతుబ్‌షాహీల ఏలుబడిలో ముర్తజానగరంగా పేరొందిన దుర్గమిది. హిందువులూ ముస్లిములూ ఇద్దరూ తమదని చెప్పుకొనదగిన కోట. కొండపైకి ఘాట్ రోడ్డు పడిన తరువాత కార్లు, బస్సులు బురుజుల దాకా పోతున్నాయి. జనం రావడం సంతోషకరమే. వారికి కూర్చొనే చోటు, త్రాగేనీరు, పిల్లలకు ఆటస్థలం కావలసినవే. వాటిని కొండ దిగువన, కోటగోడలకు ఎడంగా కట్టవచ్చును. పైన ఉన్న చెరువులను పూడిక తీసి నిలుపవచ్చును. కూలిన గోడను మరల ఎత్తవలసి వస్తే పాత రాతినే వాడి, కొత్తగా చేర్చిన భాగం కొత్తదని చూపరికి తెలిసేటట్లు ఉంచాలని 1964 నాటి వెనిస్ ఒప్పందం చెబుతున్నది. రంగుల సిమెంటుతో బురుజు పోలికలు పోయడం దీనికి పూర్తిగా విరుద్ధం.

మన కళాశాల చరిత్రశాఖ, ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి ఒక పని చేపట్టవచ్చునని కమిటీవారికి మేము సూచిస్తున్నాము. కొండవీటిలోనూ, విద్యార్థుల స్వగ్రామాలలోనూ జాబితాకెక్కని పాత దర్వాజాలు, మెట్లబావులు, సరాయిలు, మసీదులు, గుడులు ఎన్ని ఉన్నవో వేసవి సెలవులలో కొలతలతో, ఛాయాచిత్రాలతో నమోదు చేయించాలి. పారశీక శాసనం కనబడితే ఉర్దూ విద్యార్థి, తెలుగు శాసనం కనబడితే తెలుగు విద్యార్థి నకలు తీయాలి. ఆ పుస్తకం ప్రతిని పురావస్తు శాఖకు, జిల్లా కలెక్టరుకు, ఆయా పంచాయతీలకు పంపవచ్చును. తొలి విడతగా గుంటూరు, చిలకలూరిపేట, అద్దంకి మార్గంలోని గ్రామాలతో ఆరంభిస్తే ఖర్చు బస్సు చార్జీలను మించదు.