రూట్ కెనాల్ పంటిలో పోస్టు ఎన్నాళ్లు నిలుస్తుంది?

రూట్ కెనాల్ చేసిన పన్ను పైభాగం చాలావరకు విరిగిపోతే, క్యాప్ తొడగడానికి పట్టు ఉండదు. అప్పుడు వైద్యులు వేరు కాలువలోకి సన్నని కడ్డీ దించుతారు. అదే పోస్టు. దాన్ని ఆధారం చేసుకుని పంటి మొండెంలా కట్టేది కోర్. క్యాప్ ఆ కోర్ మీద కూర్చుంటుంది.

పోస్టు వేస్తే పన్ను గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని పని కోర్‌ను పట్టుకోవడం వరకే. దానికి చోటు కోసం వేరు లోపలి గోడను ఎక్కువగా తొలిస్తే పన్ను ఇంకా బలహీనపడుతుంది. నరం తీసేస్తే పన్ను ఎండి పెళుసవుతుందనే మాటా పూర్తిగా సరికాదు. అసలు నష్టం పోయిన పంటి పదార్థం వల్లే. 1989లో వెలువడిన ఒక ప్రయోగంలో రూట్ కెనాల్ రంధ్రం వల్ల పంటి బిగువు 5 శాతమే తగ్గింది. రెండు పక్కల అంచులూ పోయేలా గుంట తీస్తే 63 శాతం తగ్గింది.

అందుకే పోస్టు రకం కన్నా ముందు చూడాల్సింది మిగిలిన పన్ను. రోకలి చివర పగలకుండా పొన్ను వేస్తారు కదా, క్యాప్ అంచు కూడా అలాగే గట్టి పంటిని చుట్టూ బిగించి పట్టాలి. ఇందుకు చిగురు పైన కనీసం 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల పన్ను ఉండాలి. అది లేకపోతే నమిలే ఒత్తిడంతా పోస్టు మీదా, వేరు మీదా పడుతుంది. వేరు కొనలో 4, 5 మిల్లీమీటర్ల పూరకాన్ని కదపకుండా వదలడమూ ముఖ్యమే. బ్యాక్టీరియాకు అదే అడ్డు.

ఇక పదార్థం సంగతి. పంటిలోని డెంటీన్ స్థితిస్థాపక గుణకం సుమారు 18 గిగాపాస్కల్స్ అయితే, స్టెయిన్‌లెస్ స్టీలుది దాదాపు 200. పన్ను వంగినంతగా స్టీలు వంగదు. ఏళ్ల తరబడి నమిలిన ఒత్తిడికి వేరు నిలువునా చీలితే, సాధారణంగా ఆ పన్ను తీసేయాల్సిందే. గ్లాస్ ఫైబర్ పోస్టు గుణం డెంటీన్‌కు దగ్గరగా ఉంటుంది. అది చెడితే ఎక్కువగా సిమెంటు పట్టు వదిలి ఊడి వస్తుంది; వేరు బాగుంటే మళ్లీ అతికించవచ్చు. అలాగని ఫైబర్ వేస్తే చాలు, ఎక్కువ కాలం వస్తుందని చెప్పలేం.

పట్టు వదిలిన సంగతి వెంటనే తెలియకపోవడమే పెద్ద చిక్కు. నరం లేదు కాబట్టి లోపల పుచ్చు పాకుతున్నా జివ్వుమనదు. క్యాప్ కాస్త కదిలినా, ఆ చోట దుర్వాసన వచ్చినా, నొప్పి లేదు కదా అని ఆగకుండా వెంటనే వైద్యునికి చూపించాలి.