రెండు షాట్ల నడుమ

సినిమా చూడడానికి పరిభాషతో పని లేదు గాని, చూసినదాన్ని గురించి రెండు మాటలు కచ్చితంగా చెప్పాలంటే పని పడుతుంది. 'టేకింగ్ బాగుంది', 'ఆర్‌ఆర్ అదిరింది', 'సెకండాఫ్ లాగింది' అని తెలుగు ప్రేక్షకుడు హాలు బయట అనే మాటల్లో సినిమా అధ్యయనం విడదీసి చర్చించే అంశాలు చాలావరకు ముడిరూపంలో ఉన్నాయి. 'బాగుంది' అన్న మాటను కాసేపు పక్కన పెట్టి, ఆ బాగులో తెర మీద ఉన్నదెంత, చూపరి మనసులో తయారైనదెంత అని వేరుచేసి అడగడమే ఆ అధ్యయనం చేసిన పని. అందులోని ముఖ్యమైన పదాల్లో ఎక్కువ భాగం ఈ రెండో సగానికి, అంటే తెర చూపించనిదాన్ని చూపరి ఎలా పూరించుకుంటాడన్న ప్రశ్నకు, పెట్టిన పేర్లే.

అన్నిటికీ మూలం షాట్. చిత్రీకరణ సమయంలో కెమెరా తిరగడం మొదలుపెట్టి ఆగేదాకా తీసినది షాట్ అయితే, పూర్తయిన సినిమాలో ఒక కత్తిరింపు నుంచి మరో కత్తిరింపు దాకా ఎడతెగకుండా కనిపించేది షాట్. 1895 డిసెంబరు 28న పారిస్‌లోని గ్రాండ్ కేఫ్‌లో లూమియేర్ సోదరులు ప్రదర్శించిన చిత్రాలు ఒక్కొక్కటి నిమిషం కూడా నిడివి లేనివి, ఒక్కొక్కటి ఒకే షాట్. మరుసటి ఏడాది జూలై 7న మనదేశంలో, బొంబాయిలోని వాట్సన్ హోటల్లో ప్రదర్శించినవీ అటువంటివే. వాటిలో కత్తిరింపు లేదు కనుక, ఒక షాట్ పక్కన మరో షాట్ పెడితే ఏమవుతుందన్న ప్రశ్న కూడా అప్పటికి పుట్టలేదు.

ఆ ప్రశ్నకు అందరూ ఉదహరించే సమాధానం సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ పేరు మీద నిలిచిన ప్రయోగం. ఇవాన్ మోజుఖిన్ అనే ప్రసిద్ధ నటుడి పాత చిత్రాల్లోంచి ఏ భావమూ పెద్దగా పలకని ముఖాన్ని ఒకదాన్ని తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నెను, ఒకసారి శవపేటికను అతికించాడని, మూడోసారి అతికించినది ఆడుకుంటున్న పాపనని కొందరు, స్త్రీనని కొందరు చెబుతారు. చూసినవారు మొదటిదాంట్లో ఆకలిని, రెండోదాంట్లో దుఃఖాన్ని గుర్తించి నటుణ్ని మెచ్చుకున్నారట గాని, ముఖం మాత్రం మూడుసార్లూ అదే. ముఖంలోనూ గిన్నెలోనూ విడిగా లేని ఆకలి, ఆ రెంటినీ కలిపిన చూపరి మనసులో పుట్టింది. ఆ ఫిల్ము ముక్కలు ఇప్పుడు మిగిలి లేవు. మిగిలింది దాని గురించి రాసిన రాతలే. అయినా కూర్పు చేసేవారెవరూ ఈ సూత్రాన్ని కాదనరు, ఎందుకంటే ప్రతిరోజూ వారి బల్ల మీద అది రుజువవుతూనే ఉంటుంది.

తెలుగు ప్రేక్షకులకు దీనికి దూరపు ఉదాహరణ అక్కర్లేదు. కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957లో వచ్చిన మాయాబజార్‌లో ప్రియదర్శిని అనే పెట్టె ఉంది. దాన్ని తెరిచి చూసినవారికి తమకు ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖ ముఖం, పెట్టెలో అభిమన్యుడు, మళ్లీ శశిరేఖ ముఖం అనే వరుసలో సాగే ఆ సన్నివేశాన్ని గమనిస్తే, పాత్ర చూస్తున్నదాన్ని పాత్ర కళ్లతోనే చూపించే 'దృష్టికోణపు షాట్' అంటే ఏమిటో వేరే వివరణ లేకుండా అర్థమవుతుంది. అక్కడ నాయికానాయకులు ఎదురెదురుగా లేకుండానే యుగళగీతం పాడుకుంటారు, వారిని ఒకచోట చేర్చేది ఆ పెట్టెతో పాటు కత్తిరింపు కూడా. మనదేశంలో టెలివిజన్ ప్రసారాలు ఢిల్లీలో మొదలైనది 1959లో కనుక, ఆ పెట్టె వాటికి రెండేళ్లు పెద్దదన్నమాట.

ఇలా షాట్లను కలిపి అర్థం పుట్టించడానికి సోవియట్ దర్శకులు వాడిన పేరు మాంటేజ్. కులెషోవ్‌కు షాట్లు ఇటుకల్లా ఒకదానిపై ఒకటి పేర్చదగినవైతే, సెర్గీ ఐసెన్‌స్టీన్‌కు అవి ఢీకొట్టవలసినవి. 1925 నాటి బాటిల్‌షిప్ పొటెంకిన్‌లోని ఒడెస్సా మెట్ల ఘట్టంలో వరుస తప్పకుండా దిగే సైనికుల బూట్లు, చెల్లాచెదురయ్యే జనం, తల్లి చేతిలోంచి జారి మెట్ల మీదుగా దొర్లే పసిబిడ్డ బండి ఒకదాని తర్వాత ఒకటి ఎదురుపడుతుంటే, ఏ ఒక్క షాట్‌లోనూ పూర్తిగా లేని క్రౌర్యం ప్రేక్షకుడికి అనుభవమవుతుంది. హాలీవుడ్ ఇదే మాటను తీసుకుని, నెలలూ సంవత్సరాలూ గడిచిపోవడాన్ని చిన్న చిన్న దృశ్యాలతో క్లుప్తంగా చెప్పడానికి పరిమితం చేసింది. తెలుగు చిత్రసీమ ఇంకో అడుగు వేసి, పాత్రలు పెదవులు కదపకుండా నేపథ్యంలో సాగే పాటను 'మాంటేజ్ సాంగ్' అంటోంది. విప్లవం కోసం పుట్టిన మాట ప్రేమపాట దాకా చేసిన ఈ ప్రయాణాన్ని ఐసెన్‌స్టీన్ హర్షించి ఉండేవాడా అన్నది వేరే సంగతి.

కత్తిరింపుకు ఇంత పెద్దపీట వేయడం అందరికీ నచ్చలేదు. ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాఁ, ఒకే షాట్‌లో ముందున్నదీ వెనకున్నదీ సమానమైన స్పష్టతతో కనిపించే 'డీప్ ఫోకస్'ను సమర్థించాడు. ఆర్సన్ వెల్స్ 1941లో తీసిన సిటిజన్ కేన్‌లో, ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్ కెమెరా ముందు తల్లి కొడుకు బాధ్యతను పరాయివాడికి అప్పగించే కాగితాల మీద సంతకం పెట్టడానికి కూర్చుంటుంది, నడుమ తండ్రి వాదిస్తూ ఉంటాడు, దూరంగా కిటికీ చట్రంలో ఆ కొడుకు తన తలరాత మారిపోతోందని తెలియక మంచులో ఆడుకుంటూ ఉంటాడు. ఎక్కడ చూడాలో దర్శకుడు కత్తిరించి చెప్పడు, చూపరే ఎంచుకోవాలి. ఇలా నటులు నిలబడే చోటు, వెలుతురు, దుస్తులు, వస్తువులు, హావభావాలు కలిసి చట్రంలో కుదిరే అమరికను మిజాన్‌సేన్ అంటారు. ఇది ఫ్రెంచి నాటకరంగం నుంచి వచ్చిన మాట. తెలుగువాడి 'టేకింగ్' దీనికి చుట్టమే, కాకపోతే అందులో కూర్పు కూడా కలిసిపోయింది. మాయాబజార్‌లో మార్కస్ బార్ట్‌లీ పరిచిన వెన్నెల మిజాన్‌సేన్, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి చూపిన రాక్షసపు ఠీవి కూడా మిజాన్‌సేనే.

శబ్దం దగ్గరికి వచ్చేసరికి పడమటి పరిభాష మన సినిమా ముందు కాస్త తడబడుతుంది. కథలోని పాత్రలకు వినిపించే ధ్వనిని 'డైజెటిక్' అని, ప్రేక్షకుడికి మాత్రమే వినిపించే ఆర్‌ఆర్, అంటే నేపథ్యసంగీతం, వంటిదాన్ని 'నాన్ డైజెటిక్' అని విభజించారు. శంకరాభరణంలో శంకరశాస్త్రి కచేరీ చేస్తే సభలోని వారికీ వినిపిస్తుంది కనుక అది మొదటి కోవలోకి చేరుతుంది. కొండ మీద నాయికానాయకులు పాడుకునే యుగళగీతాన్ని ఎక్కడ చేర్చాలి? పాట వారికి వినిపిస్తుంది, పాడుతున్నదీ వారే, కాని వాద్యబృందం ఎక్కడా కనిపించదు, గొంతు నేపథ్యగాయకుడిది, పాట అయిపోయాక ఆ సంగతి కథలో ఎవరికీ గుర్తుండదు. ఆ విభజన గీత మన సినిమా కోసం గీసినది కాదని ఒప్పుకుని వాడుకోవడమే మేలు.

చూపు ఎవరిదన్న ప్రశ్నను రాజకీయ ప్రశ్నగా మార్చినది బ్రిటిష్ రచయిత్రి లారా మల్వీ. 1975లో స్క్రీన్ పత్రికలో వచ్చిన వ్యాసంలో ఆమె, కెమెరా చూపు, పాత్రల చూపు, ప్రేక్షకుల చూపు మూడూ పురుషుడి పక్షాన కలిసిపోయి స్త్రీని చూడబడే వస్తువుగా మారుస్తున్నాయని వాదించింది. ఐటెం సాంగ్‌లో కెమెరా ముఖం వదిలి ఎక్కడెక్కడ ఆగుతుందో లెక్కపెట్టిన వారికి ఈ 'పురుష దృష్టి'కి వేరే నిర్వచనం అవసరం ఉండదు.

అయితే ప్రేక్షకుడు పెట్టినదల్లా మింగేవాడు కాడని అంతకు ముందే, 1973లో, సాంస్కృతిక సిద్ధాంతకర్త స్టూవర్ట్ హాల్ గుర్తుచేశాడు. నిర్మాతలు ఒక అర్థాన్ని సంకేతాల్లో పొదిగితే, చూసేవారు దాన్ని అలాగే స్వీకరించవచ్చు, కొంత ఒప్పుకుని కొంత సర్దుకోవచ్చు, లేదా పూర్తిగా ఎదురుతిరిగి చదువుకోవచ్చు. ఎన్.టి. రామారావు 1977లో దర్శకత్వం వహించి కర్ణ, దుర్యోధన, కృష్ణ పాత్రలు మూడింటినీ ధరించిన దానవీరశూరకర్ణ, భారతకథను ఓడినవారి వైపు నుంచి చదివిన ఎదురు పఠనమే. దుర్యోధనుడి సంభాషణలను జనం కంఠస్థం చేసుకున్నారంటే ఆ పఠనం వారికి ఎంత నచ్చిందో తెలుస్తుంది.

ఇన్ని మాటలు బయటి నుంచి తెచ్చుకున్నా, తెలుగు సినిమా తన అవసరం కోసం తయారుచేసుకున్న మాట ఒకటుంది: ఎలివేషన్. కింది నుంచి పైకి చూసే కెమెరా కోణం, మందగించిన కదలిక, ముఖం కంటే ముందు కనిపించే చెప్పులో చెయ్యో, పక్కపాత్రల బెదురు చూపులు, ఉన్నట్టుండి ఎగసే ఆర్‌ఆర్ కలిసి, కథ ఒక్క అంగుళం కదలకుండానే కథానాయకుణ్ని ఆకాశానికెత్తే పద్ధతి అది. మిజాన్‌సేన్, కూర్పు, ధ్వని, చూపు అన్నీ అందులో ఇమిడి ఉన్నాయి, పూరించే పని కూడా ఉంది: తెర మీద నడిచి వచ్చేది పాత్ర అయితే, హాల్లో ఈల వేసినవాడు పూరించుకున్నది ఆ నటుడి పాత సినిమాలన్నిటినీ. సినిమా పదకోశం తెలుగులో రాసేవారు దీన్ని వాడుకమాట అని వదిలేయకుండా నిర్వచించాలి. అకారాది క్రమంలో చూసినా అది మాంటేజ్ కంటే ముందే వస్తుంది.