ఎడారి గాలిలో ఇంకు చుక్క

జూన్ నెల మధ్యాహ్నాల్లో అరిజోనాలోని చాండ్లర్ గాలిలో సాపేక్ష తేమ 10 శాతం దగ్గరికి జారిపోతుంది. ఒక్కోరోజు ఇంకా కిందికి. ఇంట్లో ఏసీ ఉంది కదా అనుకుంటాం, కానీ ఏసీ గాలిని చల్లబరుస్తుందే తప్ప దానికి నీరు చేర్చదు. బయట 42 డిగ్రీల వేడిలో 10 శాతం తేమ ఉన్న గాలిని లోపలికి తెచ్చి 25 డిగ్రీలకు చల్లబరిస్తే లెక్క ప్రకారం తేమ 26 శాతం దగ్గర ఆగుతుంది. ఇంటి ప్రింటర్ల పుస్తకాల్లో సాధారణంగా 20 నుంచి 80 శాతం తేమ మధ్య వాడమని ఉంటుంది. అంటే మన ఇంక్‌జెట్ ప్రింటర్ వేసవంతా ఆ హద్దు అంచునే బతుకుతోందన్నమాట. ఈ ఊళ్లో ‘ప్రింటర్ పాడైంది’ అని గుమ్మం బయట పెట్టేసేవాటిలో చాలావాటికి జబ్బు ఒకటేనని నా నమ్మకం. లోపల ఇంకు ఎండింది. ఆ జబ్బుకు మందు ఇంట్లోనే ఉంది.

ఇంకు ఎందుకు ఎండుతుందో తెలియాలంటే అది ఎలా ఎగురుతుందో చూడాలి. 1977లో జపాన్‌లో కెనాన్ ప్రయోగశాలలో ఇచిరో ఎండో బృందం పనిచేస్తుండగా, వేడిగా ఉన్న సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకు నింపిన సిరంజి సూదికి తగిలింది. సూది మొనలోంచి ఇంకు చిమ్మింది. దాదాపు అదే రోజుల్లో అమెరికాలో హ్యూలెట్ పకార్డ్‌లో జాన్ వాట్ కూడా విడిగా, వేడితో ఇంకును చిమ్మించే ఇదే సూత్రం దగ్గరికి చేరాడు. 1984లో ఆ సంస్థ థింక్‌జెట్ ప్రింటర్‌ను అమ్మకానికి తెచ్చింది. దాని ప్రింట్‌హెడ్‌లో ఇంకు చిమ్మే రంధ్రాలు 12 మాత్రమే. ఇవాళ్టి ఇంటి ప్రింటర్లలో వందలు, కొన్నిటిలో వేలు ఉంటాయి. ఈ రకం ప్రింటర్లలో ఒక్కో రంధ్రం వెనక ఒక చిన్న హీటర్ ఉంటుంది. కొన్ని మైక్రోసెకన్లలో అది 300 డిగ్రీలు దాటుతుంది, దాన్ని ఆనుకున్న ఇంకు పొర ఆవిరి బుడగై ఉబ్బుతుంది, ముందున్న చుక్కను బయటికి నెడుతుంది. ఎప్సన్ ప్రింటర్లది వేరే దారి. కరెంటు పెడితే వంగే పీజో పలక చుక్కను నెడుతుంది, అక్కడ వేడి లేదు. దారి ఏదైనా చుక్క పరిమాణం కొద్ది పికోలీటర్లే. పికోలీటర్ అంటే లీటరులో లక్ష కోట్ల వంతు.

ఈ హెడ్‌లను తయారుచేసేది సిలికాన్ పలకల మీద, కంప్యూటర్ చిప్పులు చేసే పద్ధతులతోనే. 1980 నుంచి చాండ్లర్‌లో ఉన్న ఇంటెల్‌లోనో, దాని చుట్టూ పెరిగిన సంస్థల్లోనో పనిచేసే తెలుగువారు ఎందరో. చిప్పుల కర్మాగారంలో (ఫ్యాబ్‌లో) తేమను రాత్రింబగళ్లు అదుపులో పెట్టడానికి ఎంత శ్రమపడతారో వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఆ చిన్న సిలికాన్ ముక్కకూ కాస్త ఆ శ్రద్ధ కావాలి.

ఇంకులో ఎక్కువ భాగం నీరు. అది త్వరగా ఆవిరి కాకుండా గ్లిజరిన్, గ్లైకాల్ లాంటివి కలుపుతారు. అయినా దాదాపు 20 మైక్రాన్ల వెడల్పున్న రంధ్రం మూతి దగ్గర గాలి తగిలిన ఇంకు నీటిని కోల్పోతూనే ఉంటుంది, చిక్కబడి బిరడాలా గడ్డకడుతుంది. అందుకే పని అయ్యాక హెడ్ పక్కకు వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. ఆ మూత కింద కొద్దిపాటి తడిగాలి నిలుస్తుంది. పవర్ స్ట్రిప్ స్విచ్ తీసి ప్రింటర్‌ను ఆపేసే అలవాటు ఎంత హానిచేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. హెడ్ మధ్యదారిలో ఉండగా కరెంటు పోతే మూత పడదు. ప్రింటర్‌కున్న బటన్‌తోనే ఆపాలి, చప్పుళ్లన్నీ ఆగేదాకా ఉండి ఆ తర్వాతే ప్లగ్ జోలికి పోవాలి.

ఇక చికిత్స. ముందుగా నాజిల్ చెక్ పేజీ, అంటే రంధ్రాల పరీక్ష కాగితం, తీయండి, క్లీనింగ్ బటన్ తర్వాత సంగతి. సన్నని మెట్ల గీతల్లో ఎక్కడ ఖాళీలున్నాయో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకోండి. ఒకసారి క్లీనింగ్ నడిపి మళ్లీ అదే పేజీ తీయండి. ఖాళీలు అవే చోట్ల ఉంటే రంధ్రాలు మూసుకున్నాయి. ఒక్కోసారి ఒక్కోచోట కనిపిస్తుంటే ఇంకు దారిలో గాలి బుడగ చేరింది, లేదా ట్యాంకులో ఇంకు తక్కువైంది. ఈ రెండింటికీ వైద్యం వేరు కాబట్టి ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడటం అన్నిటికన్నా విలువైన పని.

మూసుకున్న రంధ్రాలకు రెండు మూడు క్లీనింగ్‌లు చాలు. అప్పటికీ తెరుచుకోకపోతే ఆపి, రాత్రంతా వదిలేయండి. క్లీనింగ్‌తో రంధ్రం దాకా లాగిన కొత్త ఇంకు, లోపల గడ్డకట్టిన పాత ఇంకును మెల్లగా నానబెట్టి కరిగిస్తుంది. గంటలో పదిసార్లు క్లీనింగ్ కొట్టేవారికి ఈ సమయం దొరకదు. పైగా లాగేసిన ఇంకంతా ప్రింటర్ అడుగున ఉన్న స్పాంజి లాంటి ప్యాడ్‌లోకి పోతుంది. ప్రింటర్ దాన్ని లెక్కపెట్టుకుంటూ, ప్యాడ్ నిండిందనుకున్న రోజున పనే మానేస్తుంది. కొన్ని మోడళ్లలో ఆ ప్యాడ్‌ను మనమే మార్చుకోవచ్చు. కొనేముందు ఈ ఒక్క సంగతి తప్పక అడగండి.

మర్నాటికీ తెరుచుకోకపోతే చేతిపని. హెడ్ కార్ట్రిడ్జ్‌కే అంటుకుని ఉండే రకమైతే, పీచు రాలని గుడ్డను గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి మడతపెట్టి, దాని మీద రంధ్రాలున్న ముఖాన్ని రెండు మూడు నిమిషాలు ఆనించండి. గుడ్డ మీద రంగు చార స్పష్టంగా పడితే ఇంకు కదిలినట్టే. రాగి రంగు కాంటాక్టులకు తడి తగలనివ్వకండి. హెడ్ ప్రింటర్‌లోనే బిగించి ఉంటే, దాన్ని పక్కకు జరిపి మూత గుంటలో కొన్ని చుక్కల డిస్టిల్డ్ వాటర్ వేసి, మళ్లీ దాని మీదే నిలిపి రాత్రంతా ఉంచండి. కుళాయి నీళ్లు మాత్రం వద్దు. చాండ్లర్‌కు నీళ్లు సాల్ట్, వెర్డే, కొలరాడో నదుల నుంచీ బోర్ల నుంచీ వస్తాయి. కుళాయిల చుట్టూ పేరుకునే తెల్లటి పొరలో ఉన్న కాల్షియమే ఆ రంధ్రాల్లోనూ మిగులుతుంది. ఇంకో జాగ్రత్త: వేడితో పనిచేసే హెడ్‌ను ఇంకు అందకుండా పేజీల మీద పేజీలు కొట్టిస్తే చల్లబరిచే ద్రవం లేక హీటర్లు మాడిపోతాయి. ఆ నష్టం ఎంత కడిగినా పోదు.

చాలా ఇంటి ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్ ఇంకు, రంగులు డై ఇంకులు. పిగ్మెంట్‌లో కరగని రంగు రేణువులు ఉంటాయి కాబట్టి ముందు మొరాయించేది నలుపే. పొద్దున్నే పిల్లవాడి స్కూలు ప్రాజెక్టు ఇవ్వాల్సి ఉండి రాత్రి పదింటికి నలుపు రాకపోతే, సెట్టింగ్స్‌లో పేపర్ రకాన్ని ఫొటో పేపర్‌గా మార్చి చూడండి. చాలా మోడళ్లు అప్పుడు మూడు రంగులు కలిపి నలుపు చేస్తాయి. కాస్త గోధుమగా ఉన్నా చదవడానికి సరిపోతుంది.

అక్షరాలు జంటగా పడటం, అడ్డంగా చారలు రావడం అన్నిసార్లూ ఇంకు తప్పు కాదు. హెడ్ నడిచే దారి వెంట ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దాని మీది సన్నని గీతలను చదివే హెడ్ తానెక్కడున్నదీ తెలుసుకుంటుంది. పట్టీకి మరక అంటితే హెడ్ దారి తప్పుతుంది. తడి గుడ్డతో లాగకుండా, వత్తకుండా తుడవాలి. కాగితం లాగే రబ్బరు రోలర్లదీ ఇలాంటి కథే. వానాకాలంలో లేచే దుమ్ము తుపాను తలుపు సందుల్లోంచి తెచ్చే మెత్తటి ధూళి వాటి పట్టును పోగొడుతుంది. 2011 జూలై 5న ఫీనిక్స్ ప్రాంతాన్ని కమ్మేసిన దుమ్ముగోడను చూసినవారికి ఆ ధూళి ఎంత సన్ననిదో తెలుసు. కాగితం కూడా పొడిగాలికి అంచులు వంకరపోయి, స్థిర విద్యుత్తుతో రెండేసి షీట్లుగా అతుక్కుని వస్తుంది. కాకినాడలో ఇదే ప్రింటర్‌కు ఇబ్బంది తిరగబడుతుంది. అక్కడ ఇంకు అంత తొందరగా ఎండదు కానీ, సముద్రపు తేమకు కాగితం మెత్తబడి ఇరుక్కుంటుంది. రెండు ఊళ్లలోనూ చేయాల్సింది ఒకటే, కట్ట విప్పాక మిగిలిన కాగితాన్ని దాని రేపర్‌లోనే మూసి ఉంచడం. స్పేర్ కార్ట్రిడ్జ్‌లు గరాజ్‌లో పెట్టకండి. ఫీనిక్స్ లోయలో 2023లో వరుసగా 31 రోజులు పగటి వేడి 43 డిగ్రీలు దాటింది. అలాంటి రోజుల్లో రోడ్డు మీది ఇనుప మెయిల్‌బాక్సులో కార్ట్రిడ్జ్ పార్సిల్‌ను సాయంత్రం దాకా వదిలినా ప్రమాదమే.

నెలకు రెండు మూడు పేజీలు, అవీ నలుపు మాత్రమే అవసరమయ్యే ఇంటికి నేను ఇంక్‌జెట్ కొనమని చెప్పను. లేజర్ ప్రింటర్‌లోని టోనర్ మొదటి నుంచీ పొడి, దానికి ఎండిపోయే భయం లేదు. ఇంక్‌జెట్ కావాలంటే వారానికి ఒక పేజీ, అన్ని రంగులూ తగిలేలా, తీయక తప్పదు.

పిల్లల సెలవులకు ఇంటికి తాళం వేసి ఇండియా వెళ్లే కుటుంబాలకు అదే అసలు పరీక్ష. వెళ్లేది సరిగ్గా గాలి అన్నిటికన్నా పొడిగా ఉండే జూన్‌లో. థర్మోస్టాట్‌ను పైకి జరిపి పోతాం, లోపల వేడి పెరిగి తేమ ఇంకా తగ్గుతుంది. బయలుదేరే రోజు నాజిల్ చెక్ పేజీ ఒకటి తీసి, బటన్‌తో ఆపి, ఎండ పడే కిటికీకీ ఏసీ గాలి నేరుగా తగిలే చోటుకీ దూరంగా ప్రింటర్‌ను జరపండి. మొక్కలకు నీళ్లు పోసి మెయిల్ తీసిపెట్టే పొరుగువారికి తాళంచెవి ఇచ్చేటప్పుడే, వచ్చిన ప్రతిసారీ ప్రింటర్ ఆన్ చేసి రంగుల పేజీ ఒకటి తీయమనీ, బటన్‌తోనే ఆపమనీ చెప్పి వెళ్లండి.