త్రవ్వు యంత్రము: నిత్య సంరక్షణ

చెరువు పూడిక తీయుటకు పంచాయతీ అద్దెకు తెచ్చిన ప్రొక్లెయిను నడుమ చెడిపోయినచో, వానలకు ముందు పని ముగియదు. కావున సభ్యులు ప్రతి ఉదయము ఈ విషయములను విచారింపవలెను.

యంత్రమును చదును నేలపై నిలిపి, బకెట్టును నేలకు దించి, ఇంజను ఆపిన పిదపనే నూనె మట్టము చూడవలెను. బురదలో పనిచేయునపుడు పిన్నులకు దినదినము గ్రీజు పట్టింపవలెను. లేనిచో మట్టి చొరబడి అవి అరిగిపోవును. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదలవలెను. వేడిగానున్న రేడియేటరు మూత తీయరాదు.

హైడ్రాలిక్ గొట్టము కారుచున్నదేమోయని చేతితో తడవి చూడరాదు. అధిక పీడనముతో చిమ్ము నూనె చర్మమును చీల్చి లోనికి పోవును. అట్టముక్కతోనే పరీక్షింపవలెను. గాయము సూదిమొనంతయే అయినను, తక్షణము ఆసుపత్రికి చేర్పవలెను.

ఇంజను ఎన్ని గంటలు నడిచినదో మీటరు చూపును. నూనె, ఫిల్టర్లు మార్చుటకు ఆ గంటలే ప్రమాణము. ఒప్పందమునకు ముందే ఆ లెక్కల పుస్తకమును చూపుమని యజమానిని అడుగుడు.