పైత్యరస నాళాలలో పరాన్నజీవి

1874లో నాటి కలకత్తా వైద్య కళాశాల ఆసుపత్రిలో చైనా దేశానికి చెందిన ఒక యువ వడ్రంగి మరణించాడు. శవపరీక్ష జరిపిన జేమ్స్ మెక్కానెల్ అతని కాలేయాన్ని కోసి చూడగా, పైత్యరసం ప్రవహించే నాళాలలో సన్నని ఆకుల వంటి పురుగులు కనిపించాయి. వైద్యులు నేడు 'చైనా లివర్ ఫ్లూక్' అని పిలిచే పురుగు ఇదే.

పరాన్నజీవి అంటే ఇతరుల అన్నంతో బ్రతికేది. దీనికి అన్నమే కాదు, ఇల్లు కూడా పరాయిదే. చైనా పురుగుకు దగ్గరి బంధువైన మరొక జాతి థాయిలాండ్ ఈశాన్య ప్రాంతమైన ఇసాన్‌లోనూ, లావోస్‌లోనూ విస్తరించి ఉన్నది. రోగి మలంతో నీటిలో చేరిన గుడ్లను నత్తలు మింగుతాయి. వాటి కడుపులో పెరిగిన డింభకాలు వెలుపలికి వచ్చి, కార్పు జాతి చేపల కండలో గూడు కట్టుకుంటాయి. ఆ చేపను పచ్చిగా తిన్నవారి చిన్నప్రేగులో గూడు కరిగి, పిల్లపురుగు పైత్యనాళం గుండా ఎగబ్రాకి, అక్కడే ఏళ్ళ తరబడి కాపురముంటుంది. ఇసాన్ ప్రజలకు ప్రీతిపాత్రమైన 'కొయ్ ప్లా' పచ్చిచేపను తరిగి, నిమ్మరసం, మిరప కలిపి చేసే వంటకం. పులుపుకు చేపముక్క తెల్లబడి ఉడికినట్లు కనబడుతుంది. లోపలి డింభకం మాత్రం చావదు.

పురుగులు కొద్దిగా ఉన్నప్పుడు రోగికి ఏ బాధా తెలియదు. అదే దీని మోసం. సంఖ్య పెరిగితే అజీర్ణం, కుడి డొక్కలో నొప్పి, నాళం మూసుకుంటే కామెర్లు, జ్వరం కలుగుతాయి. రోగనిర్ధారణకు ప్రధానాధారం మలపరీక్ష. గుడ్డు పొడవు మిల్లీమీటరులో సుమారు నూటికి మూడు వంతులే. పైగా కొన్ని ప్రేగు పురుగుల గుడ్లు దీనిని పోలి ఉంటాయి. అందుచేత అనుభవజ్ఞుని కన్ను కావాలి, పరీక్ష పలుమార్లు జరగాలి. నాళం పూర్తిగా మూసుకుపోతే గుడ్లు మలంలోకి రానే రావు. అప్పుడు అల్ట్రాసౌండ్‌తో నాళాల వాపును గమనిస్తారు.

చికిత్స ఆశ్చర్యకరంగా సులభం. ప్రజిక్వాంటెల్ అనే మందును శరీర బరువులో కిలోకు 25 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, రెండు రోజులు వైద్యులు ఇస్తారు. మన బడులలో నులిపురుగులకు ఇచ్చే ఆల్బెండజోల్ వేరు. ఆ ఒక్క మాత్ర దీనికి చాలదు.

అయితే మందు పురుగును చంపుతుంది గాని, మళ్ళీ రాకుండా కాపాడదు. మాత్ర ఉన్నదనే ధీమాతో పచ్చిచేప మాననివారున్నారు. ప్రమాదమంతా అక్కడే. దీర్ఘకాలపు ఒరిపిడితో నాళాల గోడలు గట్టిపడి, దశాబ్దాల తరువాత పైత్యనాళ క్యాన్సర్ తలెత్తవచ్చు. ఇసాన్ పురుగును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. కామెర్లతో ఆ వ్యాధి బయటపడేసరికి శస్త్రచికిత్సకు సమయం మించిపోవడమే తరచు జరుగుతుంది. చేపను బాగా ఉడికించినా, సున్నాకు 20 డిగ్రీల దిగువన వారం రోజులు గడ్డకట్టించినా డింభకం చస్తుంది.